రాకెట్ పది నిమిషాల్లో పైకెళ్తే స్పేస్ స్టేషన్ చేరడానికి 28 గంటలెందుకు?

మన వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్ళిన యాక్సియమ్-4 అంతరిక్ష యాత్ర గురించే కదా మీరడిగింది, పది నిమిషాల్లో కక్ష్యలోకి వెళ్ళిపోయినవాళ్ళు 400 కిలోమీటర్ల ఎత్తుకి చేరడానికి 28 గంటలు ఎందుకు తీసుకున్నారని. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, మా టెన్త్ పిల్లలు కూడా అచ్చం ఇదే అడిగారు.

ఎత్తు అసలు సమస్యే కాదండి. స్టేషన్ గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల స్పీడుతో తిరుగుతుంటుంది, 2025 జూన్ 25న మన టైమ్ మధ్యాహ్నం 12:01కి ఫ్లోరిడాలో రాకెట్ లేచింది, ఆ టైమ్ ఎలా పెడతారంటే స్టేషన్ తిరిగే కక్ష్య సరిగ్గా లాంచ్ ప్యాడ్ మీదుగా వచ్చేలా చూస్తారు, కానీ స్టేషన్ మాత్రం ఆ కక్ష్యలో ఎక్కడైనా ఉండొచ్చు, భూమికి అవతలి వైపు ఉన్నా ఉండొచ్చు. ఇక అక్కణ్ణుంచి వెంటపడటమే.

మా క్లాసులో ఒకమ్మాయి "సార్, యాక్సిలరేటర్ తొక్కితే అయిపోద్దిగా" అంది. చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే కక్ష్యలో ఇది ఉల్టా పనిచేస్తుంది. ముందుకి తోస్తే కక్ష్య పెద్దదై చుట్టు తిరగడానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది, అంటే వెనకబడతాం. అందుకే వాళ్ళెక్కిన డ్రాగన్ నౌకని ముందు 200 కిలోమీటర్ల ఎత్తు దగ్గర్లో వదుల్తారు, అక్కడ చుట్టుకి 88 నిమిషాల పైచిలుకు, స్టేషన్‌కి దాదాపు 93. అంటే మొదట్లో చుట్టుకి నాలుగు నిమిషాలు కలిసొస్తాయి, ఆ తర్వాత ఇంజిన్లు కొంచెం కొంచెం కాల్చుకుంటూ పైకి జరుగుతారు. బోర్డు మీద రెండు సున్నాలు గీసి చుట్టు చుట్టుకీ చుక్కలు పెట్టిస్తే పిల్లలకి వెంటనే ఎక్కింది, మీరూ ఒకసారి గీసి చూడండి.

లాంచ్ మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ చూశారు గానీ మర్నాడు సాయంత్రం నాలుగింటికి డాకింగ్, అంటే నౌక స్టేషన్‌కి తగులుకోవడం, చూసింది నేనూ ఆ పిల్లలే, నన్నడిగితే అసలు చూడాల్సింది అదే. స్టేషన్‌కి 400 మీటర్ల దూరంలో ఒక చెక్‌పాయింట్, 20 మీటర్ల దగ్గర ఇంకొకటి, అన్నీ సరిగ్గా ఉంటేనే ముందుకి, చివర్లో సెకనుకి కొన్ని సెంటీమీటర్ల స్పీడే! స్టేషన్‌లో ఒక భాగమైన హార్మనీ మాడ్యూల్‌కి తగులుకున్నాక కూడా వెంటనే తలుపు తియ్యరు, హుక్కులు బిగించి, గాలి లీకవట్లేదని చూసుకుని, ఆ తర్వాతే తీస్తారు.

అలాగని ప్రతిసారీ ఇంతసేపే పట్టాలని లేదు, 2020 అక్టోబర్‌లో రష్యా సోయుజ్ నౌక మూడు గంటల చిల్లరలో చేరింది, స్టేషన్ ఉండాల్సిన చోట ఉండేలా ముందే దాని కక్ష్యని సర్దుకుంటే అది కుదురుతుంది.