పాత డెల్ డెస్క్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్ వేయించాలి, ఏది కొంటే పనిచేస్తుంది?

మీ దగ్గర ఆప్టిప్లెక్స్ 3020 ఉందని, అందులో ఒక 4 జీబీ స్టిక్ ఉందని, పక్కన ఇంకో 8 జీబీ వేద్దామంటే షాపుకొక మాట చెబుతున్నారని రాశారు. ఇదే మోడల్‌తో నేను రెండు వారాలు తంటాలు పడ్డాను. కొనడానికి ముందు సీపీయూ మూత తీసి, ఇప్పుడున్న స్టిక్ మీద స్టిక్కర్ చదవండి.

మా అక్కకి నల్గొండలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఫొటోషాప్, పేజ్‌మేకర్, బ్రౌజర్ మూడూ తెరిచేసరికి సిస్టమ్ పడుకునేది. శుభలేఖ కోసం వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని చూస్తుంటే అక్కకి ఒకటే టెన్షన్. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే తక్కువకి కనిపించిన డీడీఆర్3 (ఈ సిస్టమ్ వాడే ర్యామ్ రకం) 8 జీబీ స్టిక్ తెప్పించాను. పెట్టి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా అలాగే ఉంది. బంగారు రంగు పిన్నుల్ని రబ్బరుతో రుద్ది, స్లాట్ మార్చి చూశాను. లాభం లేదు. మదర్‌బోర్డు పోయిందేమోనని ఇద్దరం భయపడ్డాం. పాత స్టిక్ ఒక్కటే పెడితే మళ్లీ మామూలుగా వచ్చింది.

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే అందరూ సీటీసీ అంటారు కదా, అక్కడికి తీసుకెళ్లాను. రిపేరు కౌంటర్‌లో ఆయన స్టిక్ అటూ ఇటూ తిప్పి, "ఇది ఏఎండీ సిస్టమ్‌లకి మాత్రమే సార్, మీది ఇంటెల్" అన్నాడు. రెండూ ప్రాసెసర్ కంపెనీలే. ఫోన్‌లో ఆర్డర్ పేజీ తెరిస్తే నిజమే, కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఇలాంటి చౌక స్టిక్కుల్లో 4 బిట్ల చిప్పులు వాడతారు. ఇంటెల్ డెస్క్‌టాప్‌లు మామూలు ర్యామ్‌లో 8, 16 బిట్ల చిప్పుల్నే తీసుకుంటాయి. అందుకే స్లాట్‌లో చక్కగా కూర్చున్నా పనిచేయలేదు.

అక్క పాత స్టిక్ మీద "4జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800యూ" అని ఉంది. మీదీ దాదాపు ఇలాగే ఉంటుంది. ఎక్స్ పక్కనున్న 8 పైన చెప్పిన చిప్పు సంగతి. అక్కడ 4 కనిపిస్తే కొనకండి. పీసీ3 అంటే డీడీఆర్3. ఎల్ ఉంటే 1.35 వోల్టులు, లేకపోతే 1.5. మీది నాలుగో తరం ఇంటెల్ కాబట్టి రెండూ నడుస్తాయి. 12800ని 8తో భాగిస్తే 1600, అదే స్పీడు. సిస్టమ్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 800 అని కనిపించినా కంగారు పడొద్దు, అది సగమే చూపిస్తుంది.

ఆ చివరి అక్షరం బాగా చూసుకోండి. యూ డెస్క్‌టాప్‌ది, ఎస్ ల్యాప్‌టాప్‌ది, ఆర్ సర్వర్‌ది. సర్వర్లలోంచి తీసిన ఆర్ స్టిక్కులు సెకండ్ హ్యాండ్‌లో చాలా చవగ్గా దొరుకుతాయి. పొడవూ అంతే, 240 పిన్నులూ అంతే, కానీ మీ సిస్టమ్‌లో పనిచేయవు. మీది చిన్న పుస్తకమంత ఉండే మైక్రో మోడల్ అయితే మాత్రం ఎస్ రకమే కావాలి. హెచ్‌పీ మినీలు, లెనోవో టైనీలు కూడా అంతే.

డెల్‌కి డెల్ ర్యామే వేయాలని ఎవరో అన్నారని రాశారు. అక్కర్లేదు, స్టిక్కర్ కలిస్తే చాలు. రంగురంగుల హీట్‌సింక్ ఉన్న గేమింగ్ ర్యామ్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం కూడా దండగే. ఈ ఆఫీసు సిస్టమ్ దాన్ని 1600 దాటి నడపదు.

3020లో రెండే స్లాట్లు, మొత్తం 16 జీబీ వరకే. 4, 8 కలిపి 12 పెట్టుకోవచ్చు. అందులో 8 జీబీ డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు స్టిక్కులూ కలిసి వేగంగా, మిగతా 4 సింగిల్‌లో నడుస్తుంది. ఫొటోషాప్‌కి అది బాగానే సరిపోయింది. విండోస్ 32 బిట్‌ది అయితే మాత్రం ముందు దాన్ని 64 బిట్‌కి మార్చాలి, లేకపోతే 4 జీబీ దాటి వాడుకోదు. డీటీపీ షాపుల్లో పాత సాఫ్ట్‌వేర్ కోసం 32 బిట్ విండోస్ ఇంకా ఉంచుకుంటారు కాబట్టి ఇది తప్పకుండా చూడండి.

చివరికి సీటీసీలోనే పాత స్టిక్ చూపించి, "8జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800యూ" తీసుకున్నాను. ముందున్న 1ఆర్, 2ఆర్ వేరైనా పర్వాలేదు. నా ముందే టెస్ట్ చేయించాను, పనిచేయకపోతే మారుస్తామని బిల్లు మీద రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి.

బిగించేటప్పుడు కరెంటు వైరు పూర్తిగా పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి. స్టిక్‌లోని గాడి స్లాట్‌లోని గాడికి కలవాలి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ మారిందని ఇంగ్లిష్‌లో ఒక హెచ్చరిక వస్తుంది. అది చూసి అక్క మళ్లీ ఏదో పోయిందని నాకు ఫోన్ చేసింది. ఏమీ పోలేదు, ఎఫ్1 నొక్కితే సరిపోతుంది.