ఓ2 పెడితే లూప్ కదలదు, వోలటైల్ పెడితే పాత డేటా వస్తోంది: ఏం చేయాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. సి ప్రోగ్రాంలో ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని వరస) బఫర్ (డేటా ఉంచే మెమరీ చోటు) నింపి, పొడవు రాసి, చివర్లో రెడీ అనే ఫ్లాగ్‌ను 1 చేస్తుంది. ఇంకో థ్రెడ్ రెడీ 1 అయ్యేదాకా లూప్‌లో తిరిగి, బఫర్ చదువుకుని, రెడీని మళ్లీ 0 చేస్తుంది. ఓ0లో, అంటే కోడ్‌ను వేగంగా చేసే మార్పులు (ఆప్టిమైజేషన్) వద్దని కంపైలర్‌కు చెబితే, అంతా బాగుంది. ఆ మార్పులు చేయమనే ఓ2 పెడితే రెండో థ్రెడ్ లూప్‌లోంచి బయటికే రావడం లేదు. రెడీకి వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కు చెప్పే గుర్తు) తగిలిస్తే బయటికి వస్తోంది కానీ, ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద అప్పుడప్పుడు పాత డేటా కనిపిస్తోంది. మీ సీనియర్ గారేమో ఇది కంపైలర్ బగ్ అని, ఓ0లోనే రిలీజ్ చేద్దామని అంటున్నారు.

దయచేసి అలా చేయకండి. కంపైలర్ తప్పేమీ లేదు, ఓ0 దీనికి మందూ కాదు. సరిగ్గా ఇదే దారిలో నేను రెండు ప్రాజెక్టుల్లో దెబ్బతిన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటిది సింగిల్ కోర్ మైక్రోకంట్రోలర్. సెన్సర్ నుంచి ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తనను చూడమనే సంకేతం) వస్తే హ్యాండ్లర్ ఒక గ్లోబల్ ఫ్లాగ్ పెడుతుంది, మెయిన్ లూప్ ఆ ఫ్లాగ్ కోసం చూస్తూ ఉంటుంది. డీబగ్ బిల్డ్ వారాల తరబడి నడిచింది. రిలీజ్ బిల్డ్ పవర్ ఇచ్చిన వెంటనే బిగుసుకుపోయింది. ఎక్కడ ఆగిందో చూద్దామని లూప్‌లో ఒక ప్రింట్ పెట్టాను, సమస్య మాయమైంది. తీసేశాను, మళ్లీ వచ్చింది. రెండు రోజుల టెన్షన్ తర్వాత డిస్‌అసెంబ్లీ (కంపైలర్ పుట్టించిన మెషిన్ ఇన్‌స్ట్రక్షన్ల జాబితా) తెరిస్తే విషయం కళ్లముందే ఉంది. ఫ్లాగ్‌ను లూప్ బయట ఒక్కసారి రిజిస్టర్‌లోకి తెచ్చుకున్నాడు కంపైలర్. సున్నా అయితే తన మీదకే తాను దూకే ఒకే ఒక్క జంప్. మెమరీ వైపు ఇక తిరిగి చూసే పనే లేదు.

కంపైలర్ వైపు నుంచి ఆలోచిస్తే ఇది న్యాయమే. ఆ లూప్‌లో ఫ్లాగ్‌ను మార్చే వాక్యం ఒక్కటీ లేదు. వేరే ఎవరో మారుస్తారని మనం చెప్పలేదు. మారని దాన్ని పదేపదే చదవడం దండగ కదా. మరి ప్రింట్ పెడితే ఎందుకు బాగైంది? ప్రింట్ ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంటుంది. అది ఆ గ్లోబల్‌ను ముట్టుకోదని కంపైలర్‌కు నమ్మకం లేదు, అందుకని ప్రతిసారీ మళ్లీ చదువుతుంది. ప్రింట్ పెడితే పోయే బగ్ కనిపిస్తే నేను ఇప్పుడు మొదట అనుమానించేది దీన్నే.

అక్కడ వోలటైల్ పెట్టాం, సరిపోయింది. ఆ గెలుపే నన్ను రెండో ప్రాజెక్టులో ముంచింది.

అదే కోడ్‌ను నాలుగు కోర్ల ఆర్మ్ బోర్డు మీదికి, లైనక్స్ మీదికి తెచ్చాం. ఇంటరప్ట్ హ్యాండ్లర్ స్థానంలో ఒక థ్రెడ్, దానికీ చదివే థ్రెడ్‌కూ మధ్య రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి నింపే బఫర్). ఒక్కో శాంపిల్‌లో ఒక టైమ్‌స్టాంప్, మూడు రీడింగులు. అన్నీ రాశాక హెడ్ ఇండెక్స్‌ను (ఎక్కడిదాకా రాశామో చెప్పే సంఖ్యను) ఒకటి పెంచుతాం. హెడ్ వోలటైల్. ఇక భయమేముంది అనుకున్నాను. రోజుకు కొన్నిసార్లు మూడో రీడింగ్ మాత్రం పాత విలువ వచ్చేది. మిగతా రెండూ కొత్తవే. అది సెన్సర్ నాయిస్ అని హార్డ్‌వేర్ వాళ్లతో చాలా రోజులు వాదించాను.

మళ్లీ డిస్‌అసెంబ్లీ చూశాను. మూడో రీడింగ్‌కు ఒక భాగహారం ఉంది. భాగహారం నెమ్మది. ఆ ఫలితం వచ్చేలోపు ఖాళీగా ఉండటమెందుకని కంపైలర్ హెడ్ స్టోర్‌ను (హెడ్‌ను మెమరీలో రాయడాన్ని) ముందుకు జరిపింది. మూడో రీడింగ్ స్టోర్ దాని తర్వాత పడింది. వోలటైల్ దీన్ని ఆపదా అంటే, ఆపదు. వోలటైల్ యాక్సెస్‌లు ఒకదానితో ఒకటి వరస తప్పకూడదన్నదే నియమం. మామూలు వేరియబుళ్లు వోలటైల్‌కు అటూ ఇటూ జరగవచ్చు. మా బఫర్ మామూలుదే, మీ బఫర్, పొడవు కూడా మామూలువే.

పెళ్లి భోజనాలు గుర్తు చేసుకోండి. విస్తరిలో అన్నీ వడ్డించాకే పెద్దాయన "ఇక కానివ్వండి" అంటారు. ఆ మాటకున్న విలువంతా వడ్డన పూర్తయిందన్న హామీలోనే ఉంది. వోలటైల్ చేసేదల్లా ఆ మాట గట్టిగా, తప్పకుండా వినబడేలా చూడటం. పప్పు వడ్డించారా లేదా అన్నది దానికి పట్టదు.

అప్పుడు హెడ్ స్టోర్‌కు ముందు కంపైలర్ బ్యారియర్ పెట్టాను. జీసీసీ కంపైలర్‌లో దీన్ని మెమరీ క్లాబర్ (మెమరీ మారి ఉండవచ్చన్న సూచన) ఉన్న ఖాళీ ఇన్‌లైన్ అసెంబ్లీగా రాస్తారు. దానికంటూ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టదు, దాన్ని దాటి మెమరీ యాక్సెస్‌లు జరపవద్దని కంపైలర్‌కు చెబుతుంది, అంతే. డిస్‌అసెంబ్లీలో స్టోర్లు వరసలో పడ్డాయి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ మీద రెండు రోజులు నడిపితే ఒక్క తప్పూ లేదు. బోర్డు మీద మాత్రం తప్పులు తగ్గాయి కానీ పోలేదు.

నాకు అసలు పాఠం ఇక్కడే పడింది. వరస మార్చేవాళ్లు ఇద్దరు. కంపైలర్ ఒకరు, ప్రాసెసర్ ఇంకొకరు. ఎక్స్86లో ఒక కోర్ చేసిన రెండు మామూలు స్టోర్లు మిగతా కోర్లకు అదే వరసలో కనిపిస్తాయి, రెండు లోడ్లు (మెమరీ నుంచి చదవడాలు) కూడా వరస తప్పినట్టు కనిపించవు. స్టోర్ తర్వాత వచ్చే వేరే చిరునామా లోడ్ మాత్రం స్టోర్ బఫర్ (రాతలు మెమరీకి చేరేముందు ఆగే చోటు) వల్ల ముందుకు పోగలదు. ఆర్మ్‌లో అంత కట్టడి లేదు, రెండు స్టోర్లు కూడా తారుమారుగా కనిపించవచ్చు. అందుకే ల్యాప్‌టాప్ మీద పాసైన టెస్ట్‌ను ఆర్మ్‌కు సాక్ష్యంగా చూపకూడదు. ఓ0 వద్దనడానికి కారణం కూడా ఇదే. ప్రాసెసర్‌కు మీ ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ తెలియదు.

ఇద్దరికీ ఒకేసారి చెప్పే మార్గం సి, సి++ భాషల 2011 ప్రమాణాలైన సి11లో, సి++11లో వచ్చిన అటామిక్స్, అంటే థ్రెడ్లు సురక్షితంగా పంచుకోగల వేరియబుళ్లు. అంతకుముందు ఈ భాషల ప్రమాణాల్లో థ్రెడ్ల మాటే లేదు. థ్రెడ్లను ఒక లైబ్రరీగా తగిలిస్తే చాలదని, భాష నియమాల్లోనే హామీ ఉండాలని కంప్యూటర్ శాస్త్రవేత్త హాన్స్ బోయెమ్ 2005లో ఒక పరిశోధన పత్రంలో వాదించారు. ఇప్పుడు నియమం స్పష్టం: ఒకే చోటును ఒక థ్రెడ్ రాస్తూ, ఇంకోటి చదువుతూ, అది అటామిక్ కాకుండా, వాటి మధ్య వరస ఏర్పరిచే ఏర్పాటూ లేకుండా ఉంటే అది డేటా రేస్, ప్రోగ్రాం ప్రవర్తనకు హామీ లేదు. మీ కోడ్ ఇప్పుడు ఉన్నది అక్కడే.

మీ కోడ్‌లో మార్చాల్సింది కొంచెమే. రెడీని అటామిక్ ఇంట్‌గా ప్రకటించండి. రాసే థ్రెడ్ దాన్ని 1 చేసేటప్పుడు రిలీజ్ ఆర్డర్‌తో స్టోర్ చేయాలి. దానికి ముందున్న చదువులు, రాతలేవీ దాన్ని దాటి కిందికి పోవు. చదివే థ్రెడ్ అక్వైర్ ఆర్డర్‌తో లోడ్ చేయాలి. దాని తర్వాతి చదువులు, రాతలేవీ పైకి పోవు. బఫర్, పొడవు మామూలుగానే ఉండవచ్చు. 64 బిట్ల ఆర్మ్‌లో ఇవి ఎస్‌టీఎల్‌ఆర్, ఎల్‌డీఏఆర్ వంటి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లుగా మారతాయి. ఎక్స్86లో మామూలు మూవ్‌లుగానే ఉంటాయి. కొందరు ఇది చూసి "ఎక్స్86లో అటామిక్ వల్ల తేడా లేదు" అంటారు. తేడా ఉంది, కంపైలర్‌ను కట్టడి చేయడంలో.

రెండు వైపులా పెట్టడం తప్పనిసరి. నేను మొదట రాసేవైపు మాత్రమే సరిచేశాను. రెడీ 1 అయితేనే బఫర్ చదువుతున్నాను, ఇఫ్ ఉంది కదా, చాలు అనుకున్నాను. చాలదు. ఆర్మ్ ప్రాసెసర్ ఆ ఇఫ్ తేలకముందే ఊహతో బఫర్‌ను ముందే చదివేయగలదు.

రిలాక్స్‌డ్ ఆర్డర్ (మిగతా డేటా వరసకు హామీ ఇవ్వనిది) జోలికి ఇప్పుడే పోకండి. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో లెక్కపెట్టే కౌంటర్‌కు అది బాగుంటుంది, ఇంకో డేటా సిద్ధమైందని చెప్పే ఫ్లాగ్‌కు పనికిరాదు. సందేహం ఉంటే ఆర్డర్ ఏమీ రాయకుండా వదిలేయండి, అన్నిటికన్నా గట్టి వరసే డిఫాల్ట్. మ్యూటెక్స్‌తో (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్‌తో) పని జరిగితే ఇంకా మేలు. పోటీ లేని లాక్‌కు పట్టేది నానోసెకన్లే. లాక్ నిజంగా బరువవుతోందని కొలిచి చూశాకే ఈ దారిలోకి రండి.

వోలటైల్‌కు దాని చోటు దానికుంది. డివైస్ రిజిస్టర్లకు (హార్డ్‌వేర్‌తో మాట్లాడే చిరునామాలకు) అదే వాడాలి. లైనక్స్ కెర్నెల్ కోడ్ అయితే సి11 అటామిక్స్ కాదు, కెర్నెల్ సొంత ఎస్‌ఎంపీ స్టోర్ రిలీజ్, ఎస్‌ఎంపీ లోడ్ అక్వైర్ మాక్రోలు వాడండి.

మీరు ఈరోజే చేయగలిగిన పని ఒకటుంది. ల్యాప్‌టాప్ మీదే థ్రెడ్ శానిటైజర్‌తో (డేటా రేస్‌లు పట్టే సాధనంతో) బిల్డ్ చేసి నడపండి. జీసీసీలోనూ, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లోనూ ఉంది. అది తప్పు జరిగేదాకా ఎదురుచూడదు, రెండు యాక్సెస్‌ల మధ్య వరసను నిలబెట్టే సంబంధం ఉందా లేదా అని చూస్తుంది. రెండు రోజులు నడిపినా నాకు దొరకనిది అది ఎక్స్86 మీదే నిమిషాల్లో పట్టింది. ఒక్క జాగ్రత్త: విడిగా పెట్టిన ఫెన్స్‌లు (వరస మారకుండా అడ్డుపెట్టే వాక్యాలు) దానికి సరిగా అర్థం కావు, అవి ఉన్న కోడ్‌లో లేని రేస్‌లు చూపించవచ్చు.

చివరగా, మీరు అడగనిది ఒకటి మీ కోడ్‌లో కనిపించింది. చదివే థ్రెడ్ పని ముగించి రెడీని 0 చేస్తోంది, రాసే థ్రెడ్ ఆ 0 చూసి బఫర్‌ను మళ్లీ నింపుతోంది. అంటే ఫ్లాగ్ రెండు దిశల్లోనూ కబురు మోస్తోంది. ఆ 0 చేసే స్టోర్ కూడా రిలీజ్ కావాలి, రాసే థ్రెడ్ దాన్ని చూసే లోడ్ కూడా అక్వైర్ కావాలి. లేకపోతే బఫర్ చదవడం ఇంకా పూర్తికాకుండానే 0 బయటికి కనిపించి, మొదటి బంతి లేవకముందే రెండో బంతికి వడ్డన మొదలుపెట్టినట్టు, సగం పాత ప్యాకెట్, సగం కొత్త ప్యాకెట్ మీ చేతికి వస్తాయి.