విండోస్ పక్కనే ఉబుంటు: ఇన్‌స్టాల్ చేసే ముందు విండోస్‌లో చూసుకోవాల్సినవి

విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో, ఉన్న ఫైళ్లకు ముప్పు లేకుండా ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాల్లో ఒకటి) కూడా పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోవచ్చు. నేను ఏళ్లుగా రెండూ వాడుతున్నాను. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం లినక్స్ ఇన్‌స్టాలర్ వల్ల వచ్చినవి కావు. ఈ కంప్యూటర్‌కు తానొక్కటే దిక్కు అన్నట్టు విండోస్ చేసే పనుల వల్ల వచ్చినవి.

అన్నిటికంటే ముందు బిట్‌లాకర్ సంగతి, అంటే డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళం సంగతి, తేల్చుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు దానంతటదే ఆన్ అయి ఉంటుంది, వాడేవారికి ఆ విషయమే తెలియదు. బూట్ అమరికలో మార్పు కనిపిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నా సహోద్యోగి ఒకాయన సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణ) ఆపగానే కీ అడిగే ఆ నీలి తెర ప్రత్యక్షమైంది. కీ ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండబట్టి గండం గడిచింది. మీ ఖాతాలో కీ ఉందో లేదో ఇప్పుడే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే కంప్యూటర్‌లో దాచుకునేవారూ ఉన్నారు, వారికి ఏం చెప్పాలో నాకు తోచదు. అన్నట్టు, ఉబుంటు కోసం సెక్యూర్ బూట్ ఆపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) స్థితిని డిస్కు మీద భద్రపరచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఈ మధ్యలో లినక్స్ నుంచి మీరు సీ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, విండోస్ గుర్తుపెట్టుకున్న లెక్కకూ డిస్కు మీద ఉన్నదానికీ పొంతన కుదరక ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్స్ చాలాసార్లు ఆ డ్రైవ్‌లో రాయడానికి ఒప్పుకోదు. ఆ డ్రైవ్‌ను బలవంతంగా మౌంట్ చేసే (లినక్స్‌లో వాడకానికి తెరిచే) చిట్కాలు చాలానే దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లకండి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. విండోస్‌ను హైబర్నేట్‌లో ఉంచి లినక్స్‌లోకి వెళ్లినా ఇదే ప్రమాదం.

ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీకి చోటుంటే మాత్రం నా ఓటు దానికే. లినక్స్‌ను, దాన్ని మొదలుపెట్టే బూట్‌లోడర్‌ను ఆ డిస్కులోనే పెట్టుకుని, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో కావలసినది ఎంచుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి డిస్కును విప్పి పక్కన పెడితే పొరపాటుకు తావే ఉండదు.

ఒకే డిస్కు అయితే ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయండి. సీ డ్రైవ్‌ను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి. అనుకున్నంత తగ్గకపోతే కదపలేని ఫైళ్లు అడ్డున్నాయని అర్థం. హైబర్నేషన్, పేజ్ ఫైల్ (మెమరీకి తోడుగా విండోస్ డిస్కులో వాడుకునే ఫైల్) తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించండి. ఉబుంటు కనీసం 25 జీబీ అడుగుతుంది, 60కి తక్కువ ఇస్తే తర్వాత ఇరుకవుతుంది. పార్టిషన్లు మీరే ఎంచుకుంటుంటే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను మాత్రం ఫార్మాట్ చేయకండి. విండోస్ బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే.

గడియారం గంటల తేడాతో కనిపిస్తే కంగారు వద్దు. హార్డ్‌వేర్ గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతాయి. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో సరిపోతుంది.

ఉబుంటు ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన యూఎస్‌బీని చెరిపేయకుండా దాచుకోండి. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ తర్వాత, రెండూ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లినక్స్ బూట్ కావడం మానేసింది. అప్‌డేట్ తర్వాత గ్రబ్ (ఉబుంటు బూట్‌లోడర్) మెనూ రాకుండా నేరుగా విండోస్ వస్తే మాత్రం చాలాసార్లు బూట్ క్రమం మారి ఉంటుందంతే. యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్) సెట్టింగ్స్‌లో ఉబుంటును మళ్లీ పైకి తెస్తే చాలు.

ఎప్పుడైనా లినక్స్ తీసేయాలనుకుంటే ముందు బూట్ క్రమంలో విండోస్‌ను మొదటికి తెచ్చి, అది నేరుగా తెరుచుకుంటోందని చూసుకున్నాకే లినక్స్ పార్టిషన్ తొలగించండి. లేకపోతే గ్రబ్ రెస్క్యూ అని ఒక నల్ల తెర ఎదురవుతుంది.