గడి సగం చేస్తే?

విజయనగరం

చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

వచ్చే వారం ఎచ్చెర్లలో సెమినార్ ఇస్తున్నావట, అదీ ఉప్పెన లెక్కల మీద. మీ అమ్మ ఫోనులో చెప్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటుతుంటే మీ ఇంటికి ఫోను కలవక నేనూ మీ అమ్మమ్మా కూర్చునే తెల్లవార్చాం. ఆనాడు ఇంటర్ చదివే పిల్ల ఇవాళ ఆ నీటికి సమీకరణాలు రాస్తోందంటే గర్వంగానే ఉంది. భయమూ ఉంది.

అరగంట ముందే చేరు. బోర్డు మీద అక్షరాలు పెద్దవిగా రాయి. ఇవి మీ గైడు చెప్పే ఉంటారు.

నా భయమంతా ప్రశ్నల గురించే. నా మొదటి సెమినార్‌లో ఇనుప కడ్డీలో వేడి ఎలా పాకుతుందో చెప్పాను. కడ్డీని గడులుగా, కాలాన్ని అడుగులుగా కోశాను. ఉష్ణ వ్యాప్తి గుణకాన్ని కాలపు అడుగుతో గుణించి గడి పొడవు వర్గంతో భాగిస్తే 0.4. జవాబులు ముచ్చటగా వచ్చాయి. వెనక కూర్చున్న పెద్దాయన, "కాలపు అడుగు అలాగే ఉంచి గడి సగం చేస్తే?" అని అడిగారు. నేను చేసి చూడలేదు. ఆ మాటే చెప్పొచ్చు కదా! "ఇంకా కచ్చితంగా వస్తుందండీ" అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

ఆ రాత్రి హాస్టల్లో చేత్తో వేసి చూశాను. గడి సగమైతే ఆ 0.4 కాస్తా నాలుగింతలై 1.6 అవుతుంది. దాటకూడని హద్దు 0.5. నడిమి బిందువు దగ్గర నూరు డిగ్రీలు, మిగతా అంతటా సున్నా పెట్టాను. ఒక్క అడుగుకి నడిమి బిందువు మైనస్ 220. రెండో అడుగుకి 996. మెల్లగా చల్లారాల్సిన కడ్డీ నా కాగితం మీద గడ్డకట్టి, మరుక్షణం కొలిమి అయింది. మర్నాడు వెళ్లి ఆయనకు చూపించాల్సింది. కాగితం మడిచి దాచేశాను. ఆయన గది ముందు నుంచి వెళ్లాల్సి వస్తుందని రెండేళ్లు వెనక మెట్లెక్కాను, మూర్ఖుణ్ని. ఆయన రిటైరై వెళ్లిపోయారు.

నువ్వూ తక్కువ తినలేదులే. చిన్నప్పుడు ఎక్కం మరిచిపోతే ఏదో ఒక అంకెను గట్టిగా అరిచి చెప్పేదానివి. మీ అమ్మమ్మ నవ్వేది, నాకు మాత్రం గుండెల్లో రాయి పడేది.

నీ లెక్కకైతే హద్దును కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీ అనే గణితవేత్తలు 1928లోనే గీశారు. నూరు మీటర్ల లోతున అల సెకనుకు సుమారు 31 మీటర్లు పోతుంది. కిలోమీటరు గడి పెట్టుకుని, ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో, అంటే ఇప్పటి అంకెల నుంచే తర్వాతి అడుగు అంకెలు నేరుగా కట్టే పద్ధతిలో, కాలపు అడుగు అరనిమిషం దాటనిచ్చావో, అంకెలు ఊగిపోతాయి. లోతు సముద్రంలోకి పోయేకొద్దీ అడుగు ఇంకా చిన్నదవ్వాలి. ఎవరో ఒకరు అడిగి తీరతారు. గడి సగం చేసి ఒకసారి నడిపి చూసుకునే వెళ్లు. అప్పటికీ తెలియనిది అడిగితే "చూడలేదండీ, చూసి చెబుతాను" అను. చూశాక వెళ్లి చెప్పు కూడా.

ఆదివారం ఇటు రా. వరండాలో నల్లబోర్డు ఇంకా ఉంది, వెనక కుర్చీలో నేను కూర్చుంటాను. ఎడమ చెవి వినిపించడం లేదు, గట్టిగా చెప్పాలి. ఆ కాగితం వెతికి తీసిపెడతాను. కాంప్లెక్స్ దగ్గర దిగగానే ఫోను చెయ్యి, ఎండలో నడిచి రాకు.

తాతయ్య