రెండో బిడ్డకు మూడేళ్లు ఆగాలనుకుంటున్నాం.. ఏ పద్ధతి వాడాలి?

ప్రశ్న: నా వయసు 26. సిజేరియన్ అయి ఎనిమిది నెలలైంది. పాపకు నా పాలే ఇస్తున్నాను, ఆరో నెల నుంచి ఉగ్గు కూడా పెడుతున్నాం. నెలసరి ఇంకా మొదలుకాలేదు. పాలిచ్చినన్నాళ్లూ గర్భం రాదని మా అత్తగారు అంటారు. అయినా భయమేసి, కలిశాక గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర రెండుసార్లు వేసుకున్నాను. రెండో బిడ్డకు మూడేళ్లు ఆగాలని మా ఇద్దరి ఆలోచన. త్వరగా కనేసి ఆపరేషన్ చేయించుకోమని ఇంట్లో పెద్దవాళ్ల మాట. మాత్రలు వాడదామంటే నాకు మైగ్రేన్ ఉంది. కాపర్-టి పైకి ఎక్కిపోతుందని పక్కింటివాళ్లు చెబుతున్నారు. కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గర ఎప్పుడూ జనమే, ఇవన్నీ అడగాలంటే మొహమాటం. మంచి గైనకాలజిస్టును ఎలా ఎంచుకోవాలి?
- ఒక సోదరి, తణుకు

సమాధానం: అమ్మా, ముందు ఒక పని చేయండి. మెడికల్ షాపు నుంచి ప్రెగ్నెన్సీ కిట్ తెప్పించుకుని, రేపు పొద్దున లేవగానే పరీక్ష చేసుకోండి. పాలిస్తుంటే గర్భం రాదన్న మాట పూర్తిగా తప్పు కాదు. కానీ దానికి మూడు షరతులున్నాయి. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, నెలసరి మొదలై ఉండకూడదు. మూడూ ఉంటేనే ఆ రక్షణ నూటికి 98 మందికి పనిచేస్తుంది. మీ పాపకు ఎనిమిది నెలలు, ఉగ్గు కూడా తింటోంది. అంటే ఆ రక్షణ మీకు రెండు నెలల క్రితమే పోయింది. నెలసరి రాలేదు కదా అనుకోవద్దు. అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత రెండు వారాలకు వస్తుంది. ‘కాన్పయ్యాక ఒక్కసారి కూడా నెలసరి రాలేదు డాక్టర్, ఇప్పుడు మూడో నెలట’ అంటూ వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం.

పరీక్షలో నెగెటివ్ వస్తే మూడు వారాల తర్వాత మరోసారి చేసుకోండి. మధ్యలో కండోమ్ తప్పనిసరి. 72 గంటల మాత్ర వల్ల మీ పాలకు గానీ పాపకు గానీ హాని ఏమీ జరగదు, ఆ టెన్షన్ పెట్టుకోవద్దు. అయితే అది ఆ ఒక్కసారి కలయికకే. తర్వాతి రోజులకు రక్షణ ఇవ్వదు, నెలనెలా వాడే మందు కాదు.

ఇక మైగ్రేన్ సంగతి. దీని గురించి మీరు రెండు మాటల్లో రాసి వదిలేశారు, నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. నొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు మెరుపుల్లాంటి వంకర గీతలు కనిపిస్తాయా? చూపులో ఒక పక్క మసకబారుతుందా? చేయి, పెదవి తిమ్మిరెక్కి, కాసేపటికి అది తగ్గి తలనొప్పి అందుకుంటుందా? వీటిలో ఏది ఉన్నా మాలా-ఎన్, మాలా-డి లాంటి రోజువారీ మాత్రలు మీరు వాడకూడదు. వాటిలో ఉండే ఈస్ట్రోజెన్ వల్ల అలాంటి వాళ్లకు పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆ లక్షణాలేవీ లేని మైగ్రేన్ అయితే మీ వయసులో, బీపీ మామూలుగా ఉంటే, వాడవచ్చు. షాపులో స్ట్రిప్ ఇచ్చే అబ్బాయి ఈ ప్రశ్న అడగడు. అందుకే ఈ మాత్రలు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దంటాం.

మీ పరిస్థితికి నేనైతే కాపర్-టి వైపే మొగ్గుతాను. ఇందులో హార్మోన్ లేదు, మైగ్రేన్‌తో పేచీ లేదు, పాలకు అడ్డు లేదు. 380ఏ రకం పదేళ్లు, 375 రకం అయిదేళ్లు పనిచేస్తాయి. మీకు మూడేళ్లే చాలు కాబట్టి ఏదైనా ఫర్వాలేదు. తీయించుకున్న నెల నుంచే గర్భం రావచ్చు. కాపర్-టి లోపల ఉండగా ఏడాదిలో గర్భం వచ్చేది నూటికి ఒకరికన్నా తక్కువ మందిలోనే. అదే కండోమ్ మీద ఆధారపడితే, అందరూ వాడే తీరులో, నూటికి 13 మందికి వస్తుంది.

పైకి ఎక్కిపోవడం గురించి చెబుతాను. గర్భసంచి మూతి కట్టిన సంచిలాంటిది. లోపలి నుంచి అండం వచ్చే గొట్టాలకు ఉండే దారులు దారమంత సన్నం, వాటిలోంచి కాపర్-టి గుండెకో పొట్టకో పాకిపోదు. అరుదుగా, సుమారు వెయ్యి మందిలో ఒకరికి, వేసేటప్పుడే గర్భసంచి గోడకు రంధ్రం పడవచ్చు. పాలిచ్చే తల్లుల్లో గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ అవకాశం కాస్త ఎక్కువ. అందుకే తరచూ వేసే చేయి కావాలి. మిమ్మల్ని చూసే డాక్టరును ‘మీరు ఇవి తరచూ వేస్తుంటారా’ అని మొహమాటపడకుండా అడగండి. సిజేరియన్ కుట్లు దీనికి అడ్డు కాదు.

కాపర్-టి వేయించుకున్నాక మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా అవుతుంది, పొత్తికడుపులో నొప్పి ఉంటుంది. కాబట్టి వేయించుకునే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. రక్తం మరీ తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి, లేదా కాపర్-టి లాగే గర్భసంచిలో పెట్టే, హార్మోన్ ఉన్న లూప్ ఆలోచించాలి. అది నెలసరిని తగ్గిస్తుంది, ప్రైవేటులో ఖరీదు మాత్రం ఎక్కువ.

లోపల వస్తువు పెట్టించుకోవడమే ఇష్టం లేదనుకుంటే ఛాయా మాత్ర ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ కనిపెట్టిన మందు ఇది, ఈస్ట్రోజెన్ లేదు, పాలిచ్చేవాళ్లు వాడవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నెలసరి కొంచెం ఆలస్యమవుతుంది, అది చూసి కంగారు పడేవాళ్లు ఎక్కువ. పీసీఓడీ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్నా, ఈ మధ్య కామెర్లు వచ్చినా వద్దు. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ కూడా మంచిదే. కాకపోతే ఆపేశాక మళ్లీ గర్భం రావడానికి, ఆఖరి ఇంజెక్షన్ నుంచి లెక్కేస్తే, సగటున ఏడు నుంచి పది నెలలు పడుతుంది. మూడేళ్ల లెక్క వేసుకున్న మీరు దీన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఈ రెండూ 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

త్వరగా కనేసి ఆపరేషన్ చేయించుకోమన్న మాటకు నా జవాబు గట్టిగానే చెబుతాను. కాన్పు తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్ల ఎడం ఉండాలి. సిజేరియన్ కుట్టు మానడానికీ, మీ ఒంట్లో రక్తం మళ్లీ పట్టడానికీ ఆ సమయం కావాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మగవాళ్లలో వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. కోత లేని వేసెక్టమీ ఆడవాళ్ల ఆపరేషన్ కన్నా తేలిక. ఎడం కావాలన్న మీ ఇద్దరి నిర్ణయం సరైనది, పిల్లలు చాలనుకున్న రోజున మీ వారితో ఈ సంగతి కూడా మాట్లాడండి.

ఇక డాక్టరును ఎంచుకోవడం. డిగ్రీ చూడండి: ఎంబీబీఎస్ తర్వాత గైనకాలజీలో ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ లేదా డీజీఓ ఉండాలి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. పల్లెల్లో ఆర్ఎంపీల చేత కాపర్-టి వేయించుకోవడం మాత్రం వద్దే వద్దు. అయితే డిగ్రీ ఒక్కటే చూసి ఆగకండి. నేను చూసేది, చీటీ రాయడానికి ముందు ఆ డాక్టరు ఏమడిగారు అని. బీపీ చూశారా, తలనొప్పి ఎలా వస్తుందని అడిగారా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కామెర్లు, టీబీ, ఫిట్స్ మందుల గురించి అడిగారా, పిల్లలు మళ్లీ ఎప్పుడు కావాలని అడిగారా. ఇవేవీ లేకుండా రెండు నిమిషాల్లో మాత్ర రాసిచ్చేస్తే ఇంకో చోటికి వెళ్లండి. పరీక్ష చేసేటప్పుడు తెర, పక్కన ఒక నర్సు ఉండాలి. కాసేపు మీతో ఒంటరిగా, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, మాట్లాడే డాక్టరు అయితే మరీ మంచిది. ‘నాకు పడకపోతే తీసేస్తారా’ అని కూడా అడగండి. ‘ముందు ఏడాది ఉంచుకో, తర్వాత చూద్దాం’ అని కసురుకునేవాళ్ల దగ్గర వేయించుకోవద్దు. మరో సంగతి, మీరు మేజర్, కాపర్-టికి మీ వారి సంతకం అక్కర్లేదు. ఆయనకు తెలిసి, తోడుగా వస్తే మంచిదే.

మీకు కాన్పు చేసిన డాక్టరమ్మకే మీ సిజేరియన్ వివరాలన్నీ తెలుసు, ఆమెను వదిలేసే ముందు ఒకసారి ప్రయత్నించండి. రద్దీ ఉండే సాయంత్రం ఓపీకి కాకుండా, ముందే ఫోన్ చేసి ‘కుటుంబ నియంత్రణ గురించి పది నిమిషాలు మాట్లాడాలి’ అని టైమ్ అడగండి. డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. నోరు పెగలదనుకుంటే ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి, చాలామంది అలా చేస్తారు. కుదరకపోతే వచ్చే నెల పాపకు తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేయించడానికి ఎలాగూ వెళ్తారు కదా, అక్కడ టీకా వేసే ఏఎన్ఎం నర్సమ్మను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాపర్-టి ఉచితంగా వేస్తారు. ఈలోగా కండోమ్‌లు మీ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి.

కాపర్-టి వేయించుకున్నాక మొదటి నెలసరి అయిపోగానే ఒకసారి చూపించుకోండి, దాని చివర ఉండే దారం ఉందో లేదో చూస్తారు. తొలి మూడు నెలల్లో కాపర్-టి జారి బయటికి వచ్చే అవకాశం ఉంది, నెలసరి రోజుల్లో ప్యాడ్ గమనించండి. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, ఆగని పొత్తికడుపు నొప్పి, దారం చేతికి తగలకపోవడం, నెలసరి వస్తూ వస్తూ ఆగిపోవడం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్లండి.