తాత ఇంటి దర్వాజతోని గిటార్ అయితదా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది హన్మకొండ. పరకాల దగ్గర ఊర్లె మా తాత కట్టిన ఇల్లు మొన్న కూలగొట్టినం, టేకు దర్వాజ, తలుపులు నేనే అడిగి తెచ్చుకున్న. వాటితోని ఎలక్ట్రిక్ గిటార్ చేయించుకోవాలని ఉంది. నా వేళ్లు చిన్నయి, షాపుల చూసిన గిటార్ల మెడ నా చేతికి లావు అనిపిస్తది. సౌండ్ గిబ్సన్ కంపెనీ గిటార్ లెక్క నిండుగ కావాలె, అప్పుడప్పుడు సన్నగ టింగుమని కూడా రావాలె. ముంగట పెంబర్తి ఇత్తడి రేకు మీద కాకతీయ తోరణం చెక్కించి బిగిద్దామని ఆలోచన. చేతిల 40 వేలు ఉన్నయి, కార్పెంటర్ తెలిసినాయనే. ఎక్కడ మొదలుపెట్టాలె?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. పాత కట్టెను పొయ్యిల పోనియ్యకుంట అడిగి తెచ్చుకున్నవ్ చూడు, ముందు దానికే నాకు మస్తు సంతోషమైంది. ఇది అయ్యే పనే. ఇంగ్లండ్ క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే అనేటాయన 1963ల, పదహారేండ్ల పిల్లగాడు అప్పుడు, గిటార్ కొనే పైసలు లేక తండ్రితోని కలిసి ఇంట్లనే చేసుకున్నడు, మెడకు ఎవరింట్లనో చలిమంట గూటి మీద ఉన్న పాత చెక్క దొరికింది, దాంట్ల పురుగు తొలిచిన బొక్కలుంటే అగ్గిపుల్లలు పెట్టి మూసిండు, మొత్తం రెండేండ్లు పట్టింది, ఇప్పటికీ ఆయన చేతిల అదే గిటార్. మనోళ్లల్ల చూస్తే పాలకొల్లు శ్రీనివాస్ గారు, మాండలిన్‌కు ఉండే జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని ఐదో తీగ కలుపుకున్నడు, ఆయన వాయించే కర్ణాటక సంగీతానికి అట్లనే కావాల్సొచ్చింది. నువ్వు కూడా ఆ దారిల ఆలోచించు, అంటే తోరణం, రంగు, పాలిష్ అన్నీ ఆఖరికి. ముందుగాల మెడ.

మెడ మాత్రం మీ కార్పెంటర్‌తోని చేయించకు, ఎంత పనిమంతుడైనా సరే. మొత్తం తీగ పొడుగును 17.817తోని భాగిస్తే మొదటి ఫ్రెట్, అంటే మెడ మీద అడ్డంగ ఉండే మొదటి మెట్టు, దూరం వస్తది, మిగిలినదాన్ని మళ్ల అదే అంకెతోని భాగిస్తే రెండోది, ఇట్ల 22 దాకా పోవాలె, గీత అర మిల్లీమీటర్ జరిగిందంటే ఆ మెట్టు మీద ఎప్పటికీ శృతి కలువది. మెడ లోపట ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ కూడా ఉండాలె, మన దగ్గర మే నెల ఎండకు, ఆగస్టు ముసురుకు మెడ వంగుడు ఖాయం, దాన్ని తిప్పే సరిచేస్తం. అందుకే రెడీమేడ్ మెడ కొను, కానీ కొనేముందు రెండు మూడు షాపులు తిరిగి, చేతిల మందం కొలిచే వెర్నియర్ పట్టుకుని, నీకు హాయిగ అనిపించిన గిటార్ మెడ మందం మొదటి ఫ్రెట్ దగ్గర ఎంత, పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎంత, నట్, అంటే మెడ పైకొసకు తీగలు ఆనే పట్టీ, వెడల్పు ఎంత, ఒక కాయితం మీద రాసుకో. మొదటి ఫ్రెట్ కాడ 22 మిల్లీమీటర్లున్న మెడకూ 19 ఉన్నదానికీ చేతిల పట్టుకుంటే ఎంతో తేడా. నువ్వు లావు అంటున్నది ఇదే అనుకుంట.

ఇంకోటి స్కేల్, అంటే నట్ నుంచి కింద తీగలు ఆనే బ్రిడ్జ్ దాకా తీగ పొడుగు. ఫెండర్ కంపెనీ గిటార్‌ది 25.5 ఇంచులు, గిబ్సన్‌ది 24.75. చిన్న స్కేల్ల మొదటి ఫ్రెట్ ఒక మిల్లీమీటర్ దగ్గరికి వస్తది అంతే, కానీ అదే తీగ అదే శృతిల బిగువు ఆరు శాతం దాకా తగ్గుతది, తీగను పక్కకు గుంజి బెండ్ చేసేటప్పుడు నీ వేలికి తెలుస్తది. నీకైతే 24.75 తీస్కో, 9 నంబర్ సన్న తీగలు వెయ్యి.

ఇగ కట్టె. తలుపు చెక్కలు బాడీకి చాలవు, మనకు 44, 45 మిల్లీమీటర్ల మందం కావాలె, తలుపులు అంత ఉండయి. దర్వాజ చౌకట్ ఉంటది చూడు, దాన్ని సామిల్లుల నిలువుగ కోపిచ్చి ఐదు ముక్కలు పక్కపక్కన అతికించు. నాలుగు కాదు, ఐదు, అప్పుడు అతుకు నడిమిట్ల రాదు. నా మాట వింటే గడప కట్టెను నడుమ పెట్టు, మెడ, తీగల కదలికను కరెంట్‌గ మార్చే పికప్‌లు, బ్రిడ్జ్ అన్నీ దాని మీదనే కూసుంటయి, ఇన్నేండ్లు పసుపు రాసిన కట్టె అది. కోతకు ఇచ్చే ముందు పెద్ద అయస్కాంతంతోని ప్రతి ముక్క మీద మెల్లగ జరుపుకుంట పో, ఎక్కడ గుంజితే అక్కడ లోపట మొల ఇరిగి ఉన్నట్టు, అది తీయకుంట మిషన్‌కు పెడితే బ్లేడూ పోతది, కోసేటాయన చెయ్యికీ ప్రమాదం.

టేకుల నూనె ఉంటది, ఇది మర్చిపోకు. నేను మొట్టమొదట చేసిన బాడీ టేకే, రంద పట్టిన తెల్లారి తీరికగ జిగురు పెట్టి క్లాంపులు బిగిచ్చిన, చూస్తానికి మంచిగనే అతికింది, తీగలు కూడా ఎక్కిచ్చిన. మే నెలల ఒకనాడు రాత్రి అందరం పండుకున్నంక గోడకు తగిలిచ్చిన గిటార్ల నుంచి టక్కుమని సప్పుడు, లైటేసి చూస్తే బ్రిడ్జ్ కింది నుంచి ఎంట్రుకంత సందు, గోరు పెడితే పట్టుకుంటున్నది. కోసిన కట్టె మీదికి నూనె ఊరి వస్తదని నాకు తెల్వకనే అట్లయింది. నువ్వు మాత్రం రంద పట్టిన గంటలోపే అతుకు పెట్టే చోట తెల్ల గుడ్డతోని అసిటోన్ తుడువు, గుడ్డకు పసుప్పచ్చ రంగు దిగుడు ఆగేదాక తుడిచి, అది ఆరంగనే జిగురు పెట్టు. టేకు పొట్టు పడనోళ్లకు దగ్గు, దద్దుర్లు వస్తయి, మాస్క్ కట్టుకోండ్రి ఇద్దరూ.

నిర్మల్ బొమ్మల పొనికి కట్టె తేలికగ ఉంటది, అది పెడితే బరువు తగ్గుతది కదా అని ఇంతకుముందు ఒకరు అడిగిండ్రు. వద్దు. అది బొమ్మలకే, స్క్రూ నిలువది. టేకు బాడీ రెండున్నర కిలోలు, ఇంకా ఎక్కువ కూడా తూగొచ్చు, బరువనిపిస్తే లోపట గుల్లలు తోలిచ్చి పైన మీ తలుపు చెక్కనే పలచగ కోపిచ్చి మూయి.

గుల్లలు, పికప్ గుంతలు ఉలితోని కొట్టియ్యకు. హన్మకొండల తలుపుల మీద, పూజా మందిరాల మీద కంప్యూటర్ మిషన్‌తోని డిజైన్లు కోసే సిఎన్‌సి షాపులున్నయి, డ్రాయింగ్ ఇస్తే కోసిస్తరు, కానీ ముందుగాల ఎండిఎఫ్ ముక్క మీద కోపిచ్చి మెడ కూసోబెట్టి చూడు, ఊగకుంట, సుత్తితోని కొట్టే అవసరం లేకుంట దిగాలె. బ్రిడ్జ్ చోటు మాత్రం డ్రాయింగ్ నమ్మి పెట్టకు, మెడ బిగిచ్చినంక నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు కొలిచి దానికి రెండింతలు పెట్టు, తీగ ఆనే సాడిల్స్ ఆ గీత నుంచి ఎనకకు జరిగే జాగ ఉండాలె, లావు తీగలకు రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కావాలె.

సౌండ్ సంగతి. కట్టెతోనే సౌండ్ అని చానామంది కొట్లాడుతరు, నేను అట్ల అనుకోను, ఎలక్ట్రిక్ గిటార్ల ఎక్కువ పని పికప్‌దీ, వైరింగ్‌దీ, నీ చేతిదీ. నీకు కావాల్సిన నిండు సౌండ్ హంబకర్ అనే రెండు చుట్టల పికప్‌ది, గిబ్సన్ కంపెనీల సెత్ లవర్ 1955ల తయారుచేసిండు, రెండు చుట్టలు పక్కపక్కన, ఒకదానికొకటి ఉల్టాగ కలిపి పెట్టి గుయ్యిమనే శబ్దాన్ని ఒకదానితోని ఒకటి కొట్టేస్తది. రెండు హంబకర్లు పెట్టు, వాల్యూమ్, టోన్ గుండీల కింద 500కె పాట్లు వాడు, ఒక పాట్ పుష్ పుల్‌ది తీస్కుంటే గుండీ పైకి గుంజంగనే ఒక్క చుట్టే పనిచేసి నీ టింగుమనే సౌండ్ వస్తది. నాలుగు వైర్ల హంబకర్ అని అడిగి కొను, రెండు వైర్లదైతే ఇది కాదు.

తోరణం ఆలోచన నాకు బాగ నచ్చింది, పెంబర్తి పనోళ్ల చేతిల ఇత్తడి రేకు ఎట్ల లేస్తదో చూసినోళ్లకు తెలుసు. రేకును పిక్‌గార్డ్, అంటే ముంగట గీతలు పడకుంట బిగిచ్చే పలక, లెక్క పెట్టుకో, పికప్‌ల కాడ మాత్రం కోసెయ్యి, పికప్ నెత్తి మీదికి రావద్దు, ఇత్తడిల చిన్న చిన్న కరెంట్లు పుట్టి పైస్థాయి సౌండ్‌ను తినేస్తయి. రేకు కింద ఒక వైర్ టంకం పెట్టి పాట్ వెనక గ్రౌండ్‌కు కలుపు. ఎత్తుగ లేపిన చెక్కుడు తీగల కింద వద్దు, చెయ్యి గీరుకుంటది, కింది మూలకు తోరణం పెట్టమను.

పాలిష్‌కు మీ కార్పెంటర్ కొట్టే లక్క పాలిషే ముందు రెండు చేతులు కొట్టియ్యి, టేకు నూనె మీద నేరుగ వేరే కోటింగ్ కొడితే ఆరకుంట జిగటగ ఉంటది. పైసల సంగతికొస్తే మెడకూ పికప్‌లకూ ముందు పక్కకు పెట్టు, కట్టె నీకు ఎట్లాగూ ఉన్నది, ఇత్తడి పని వచ్చే ఏడు చేపిచ్చుకున్నా నడుస్తది.

ప్రశ్న: అన్నా, మాది కరీంనగర్. మా తమ్ముడు పార్టులు తెచ్చి ఇంట్లనే గిటార్ బిగిచ్చిండు, ఒక్క చుట్టవి, సింగిల్ కాయిల్ పికప్‌లు మూడు. యాంప్‌కు పెడితే గుయ్యిమంటది, తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతది. పికప్‌లు పాడైనయా?

జవాబు: లేదు చెల్లె, పికప్‌లు మంచిగనే ఉన్నయి. చెయ్యి పెడితే తగ్గుతున్నదంటే తీగలు గ్రౌండ్‌కు కలిసే ఉన్నయి, లోపట బయటి గోలను ఆపే లోహపు పొర, షీల్డింగ్, లేదు. సింగిల్ కాయిల్ మన 50 హెర్ట్జ్ కరెంట్ మూలుగును ఎట్లాగూ పడుతది, ట్యూబ్‌లైట్, ఫోన్ చార్జర్ దగ్గరుంటే ఇంకా ఎక్కువ. పికప్ గుంతల లోపట అంతా రాగి టేప్ అతికిచ్చి, ముక్కకూ ముక్కకూ టంకం పెట్టి, ఆ టేప్‌ను గ్రౌండ్‌కు కలపమను, చానా వరకు పోతది. ఇంకోటి, ఇది నవ్వులాట కాదు, యాంప్ మూడు పిన్నుల ప్లగ్‌కు రెండు పిన్నుల అడాప్టర్ తగిలిచ్చి వాడుతున్నరా చూడు, మీ సాకెట్‌ల ఎర్తింగ్ నిజంగ ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తోని చూపిచ్చు. తీగలు తాకితే చురుక్కుమన్నదంటే అది బాగయ్యేదాక గిటార్ ముట్టనియ్యకు.