చూరులో దోపిన గ్లాసు

ప్రశ్న: మా అన్న కొడుకు పదకొండేళ్లుగా డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మాటల సందర్భంలో, అమెరికాలో జాతి వివక్ష అన్నది ఎప్పుడో పోయిందని, ఒబామా అధ్యక్షుడయ్యాక కూడా ఆ మాటే పట్టుకొని వేలాడేవాళ్లు కష్టపడటం చేతకానివాళ్లని, మనవాళ్లు తెల్లవాళ్ల కంటే ఎక్కువ సంపాదించడమే అందుకు రుజువని గట్టిగా వాదించాడు. ముప్పయ్యేళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణయి కూడా వాడికి సరైన జవాబు ఇవ్వలేకపోయాను. తెల్లగా పుట్టినందువల్ల కలిగే వెసులుబాటు ఇప్పటికీ నిజంగా ఉందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: మాస్టారూ, ముందు మాటతోనే ఒక చిక్కు ఉంది. ‘జాతి’ అంటే మనకు దేశమూ అవుతుంది, పశువుల రకమూ అవుతుంది, ఊళ్లో ‘నీదే జాతి’ అని అడిగితే కులమే అవుతుంది. ‘వర్ణ వివక్ష’ అందామంటే అందులో రంగుతో పాటు చాతుర్వర్ణ్యం కూడా వచ్చి కూర్చుంటుంది. మన రాజ్యాంగం 15వ అధికరణం మాత్రం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని దేనికది విడిగా చెప్పింది. మీరడిగిన అర్థంలో జాతి అన్నది జీవశాస్త్రంలో నిలవదు. ఏ ఇద్దరు మనుషుల జన్యుక్రమమైనా దాదాపు 99.9 శాతం ఒకటే. దాన్ని నిలబెట్టినవి చట్టాలూ కోర్టులూ.

ఎలా నిలబెట్టాయో చెప్పడానికి మనవాళ్ల కథే ఒకటి ఉంది. బయటి నుంచి వచ్చినవాళ్లలో ‘స్వేచ్ఛగా ఉన్న తెల్లవారికి’ మాత్రమే పౌరసత్వం అని అమెరికా 1790లో చట్టం చేసుకుంది. 1922లో ఒజావా అనే జపాన్ వ్యక్తి తన చర్మం తెల్లగానే ఉంది కదా అని వాదిస్తే, రంగు కాదు, కాకేసియన్ జాతి (అప్పటి శాస్త్రజ్ఞులు తెల్లవాళ్లతో పాటు మరికొందరినీ కలిపి పెట్టిన పేరు) కావాలని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సుమారు మూడు నెలలకు, పంజాబ్‌లో పుట్టి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ తింద్ వెళ్లి, శాస్త్రజ్ఞుల లెక్కలో నేను కాకేసియన్‌నే అన్నాడు. శాస్త్రజ్ఞుల మాట కాదు, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడంటాడో అదే లెక్క అని 1923లో అదే కోర్టు అతనికీ పౌరసత్వం లేదంది. గీత ఎక్కడ గీయాలన్నది గీసేవాడి చేతిలో ఉండటమే ఇందులో అసలు సంగతి. ఆ తర్వాత భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకున్నది 1946లో. పెద్ద సంఖ్యలో వలస వెళ్లే దారి ఏర్పడింది 1965 చట్టంతో. ఆ చట్టం రావడానికి ముందు ఏడాదే, నల్లవాళ్లు వీధుల్లో దెబ్బలు తిని సాధించుకున్న పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ పోరాటమే లేకపోతే పుట్టిన దేశాన్ని బట్టి కోటా పెట్టే పాత పద్ధతి అంత త్వరగా కూలేది కాదు. మీ అబ్బాయి చేతకానివాళ్లన్నది తాను వెళ్లిన తలుపు తెరిచినవాళ్ల మనవళ్లని!

ఇక సంపాదన రుజువు సంగతి. మన దగ్గర కొన్ని బడులు చదువులో వెనకబడ్డ పిల్లల్ని పదో తరగతి పరీక్షకు ముందే బయటికి పంపించి, తర్వాత గేటు మీద ‘నూటికి నూరు శాతం ఉత్తీర్ణత’ అని ఫ్లెక్సీ కట్టడం మీరు చూసే ఉంటారు. మనవాళ్లు ఉద్యోగాలకు వెళ్లే హెచ్1బి వీసాకు సాధారణంగా డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ ఉండాలి. చదువుకున్నవాళ్లను ఏరి తీసుకెళ్లి, వాళ్ల జీతాలను మొత్తం ఒక దేశపు ప్రజల జీతాలతో పోల్చడం ఆ ఫ్లెక్సీ లాంటిదే. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వెళ్లి డ్యాముల కోసం మట్టి మోసినవాళ్లను ఆ వీసా మీద ఎవరూ పిలవలేదు.

వెసులుబాటు అన్నదానికి నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. కల్వకుర్తి దగ్గర మా ఊరి హోటల్లో బెంచీ మీద కూర్చునేవాళ్లకు గాజు గ్లాసులు ఉండేవి, పక్కన చూరులో నాలుగైదు సత్తు గ్లాసులు దోపి ఉండేవి. కొందరు వచ్చి వాటిని తామే దించుకొని, కడుక్కొని, చాయ్ పై నుంచి పోయించుకొని, గోడ పక్కన గొంతుక్కూర్చొని తాగి, మళ్లీ కడిగి అక్కడే దోపి వెళ్లేవారు. నాన్నతో కలిసి ఎన్నేళ్లు ఆ బెంచీ మీద కూర్చున్నానో, ఆ గ్లాసుల గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఏడో తరగతిలో ఉండగా ఆడుకోవడానికి ఒకటి దించితే హోటల్ ఆయన చేతి మీద కొట్టి, చెయ్యి కడుక్కొమ్మన్నాడు. అంతకుముందు నేనెవర్నీ తిట్టలేదు, ఎవర్నీ అవమానించలేదు. నాకు దొరికిందల్లా ఆ చూరు వైపు చూడాల్సిన అవసరం లేకపోవడమే. బెంచీ మీదివాళ్లంతా షావుకార్లు కూడా కారు, మాకు అప్పులుండేవి. అక్కడి పేద తెల్లవాడి పరిస్థితీ అలాంటిదే కాబట్టి, మీ అబ్బాయి వాదనలో ఆ మేరకు నిజం ఉంది. అంబేడ్కర్ 1946లో అమెరికా నల్లవాళ్ల మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, అంటరానివారి స్థితికీ అమెరికా నల్లవారి స్థితికీ ఎంతో పోలిక ఉందని చెప్పింది ఊరికే కాదు.

తిట్టేవాళ్లు లేకుండానే వివక్ష ఎలా నడుస్తుందో చూడాలంటే రైతుబంధు గుర్తు తెచ్చుకోండి. 2018లో ఆ పథకం మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టా ఉన్నవాళ్లకు అందింది, దున్నుతున్న కౌలు రైతుకు అందలేదు. కౌలు రైతు మీద ఏ అధికారికీ పగ లేదు, నిబంధన అలా ఉంది. అమెరికాలో 1930లలో ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు గీసి, నల్లవాళ్లున్న పేటలకు ఎర్ర రంగు వేసింది. అటువంటి పేటల్లో ఇంటి అప్పులకు ప్రభుత్వం పూచీ ఇవ్వలేదు. 1968లో చట్టం దాన్ని నిషేధించే నాటికి ఒక తరం తెల్ల కుటుంబాలు ఇళ్లు కొనుక్కున్నాయి, వాటి ధరలు పెరిగాయి, ఆ ఇళ్ల మీద పిల్లలు చదువుకున్నారు. 2022లో అక్కడి ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం, కుటుంబాలను ఆస్తి వరుసలో నిలబెడితే మధ్యలో నిలిచే తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. చట్టం మారినంత మాత్రాన పాత పహాణీ చెరిగిపోదు కదా.

అదంతా డబ్బు తేడా, రంగుతో పనిలేదనే వాదన కూడా ఉంది. దానికి 2004లో అచ్చయిన ఒక పరిశోధన జవాబు చెబుతుంది. బోస్టన్, షికాగో పత్రికల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకే రకం, పేర్లు మాత్రం కొన్ని తెల్లవాళ్లవి, కొన్ని నల్లవాళ్లవి. తెల్ల పేర్లకు సుమారు 50 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి. మనం మురిసిపోనక్కరలేదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ మన దేశంలోని ప్రైవేటు కంపెనీలకు ఇలాగే దరఖాస్తులు పంపి చూస్తే, దళితుల పేర్లకూ ముస్లింల పేర్లకూ పిలుపులు తగ్గాయి.

కరోనా రోజుల్లో ఆశా కార్యకర్తలు వేలికి తగిలించి చూసిన ఆక్సీమీటర్ మీకు తెలిసిందే. అది వేలి గుండా వెలుతురు పంపి లెక్క చెబుతుంది. ముదురు రంగు చర్మం మీద అది కొన్నిసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తుందని, నల్ల రోగుల్లో ప్రమాదాన్ని పట్టుకోలేకపోవడం తెల్ల రోగుల్లో కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా వైద్యులు తేల్చారు. యంత్రానికి ద్వేషం ఎక్కడుంటుంది? దాన్ని ఎవరి వేలి మీద సరిచూశారన్నదే ప్రశ్న.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథేలో, హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘నా దేశం నుంచి వెళ్లిపో’ అని అరిచి కాల్చి చంపినవాడు, తాను ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. శ్రీనివాస్ ఏ దేశంవాడో, ఏం చదివాడో, ఎంత జీతగాడో అతనికి అవసరం లేకపోయింది. ఈ ఒక్క సంగతి మీ అబ్బాయికి నెమ్మదిగా చెప్పండి. ఎత్తిపొడుపుగా మాత్రం వద్దు, వాళ్లు అక్కడ ఒంటరిగా ఉంటున్నారు.

ప్రశ్న: మా చిన్నమ్మాయి కాస్త నలుపేగానీ చదువులో ముందుంటుంది. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేస్తోంది. తన తరగతిలోని సూడాన్ అమ్మాయికి ఎవరూ గది అద్దెకివ్వడం లేదని బాధపడుతోంది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ లేని మన దగ్గర కూడా ఇదేమిటి?
— గృహిణి, వనపర్తి

జవాబు: అమ్మా, ఆఫ్రికా వాళ్లు మనకు కొత్త కాదు, మీ ఊరికైతే అసలే కాదు. వనపర్తి సంస్థానం రాజు ఒకప్పుడు ఆఫ్రికా సిపాయిలతో దళం నడిపాడు. ఆ దళం తర్వాత నిజాం కొలువులో చేరింది. హైదరాబాద్‌లో వాళ్లున్న చోటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీద ఏసీ గార్డ్స్ అయింది. పెళ్లి బరాత్‌లో మనం ఎగిరే మర్ఫా దరువులోనూ వాళ్ల చెయ్యి ఉంది. అయినా ఇంటి యజమాని ఆ అమ్మాయి ముఖం చూడగానే ‘ఖాళీ లేదు’ అంటాడు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు కూడా ఈ మాట విన్నవాళ్లే. మీ అమ్మాయిని ఆ స్నేహితురాలితో కలిసి గదులు వెతకమనండి, పక్కన మన భాష మాట్లాడే మనిషి ఉంటే కొన్ని తలుపులైనా తెరుచుకుంటాయి. 2020లో ఒక పేరున్న క్రీము తన పేరులోంచి ‘ఫెయిర్’ అనే మాట తీసేసింది. మీ ఉత్తరంలో మొదటి వాక్యం మరొక్కసారి చదువుకోండి: ‘నలుపేగానీ’ అని రాశారు. అందులో ఆ ‘గానీ’ ఎందుకు పడిందో ఆలోచించి, వీలైతే నాకు రాయండి.